సాల్మన్ నదికి ప్రయాణం: గాలానికి ముందు లెక్క

గోదావరి తీరవాసులకు పులస చేపను గురించి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. వానాకాలంలో ఎర్రనీరు సముద్రంలో కలవగానే ఆ నీటి జాడ పట్టి, ప్రవాహానికి ఎదురీది నదిలోకి వచ్చే చేప అది. కడలిలో ఉన్నంత కాలం దానికొక పేరు, నదిలో ఎదురీదిన తర్వాత మరొక పేరు. ధర కూడా అంతే. నదిలో ఎంత దూరం ఎదురీదితే అంత పెరుగుతుంది.

భూగోళపు ఉత్తర భాగాన, పసిఫిక్ మహాసముద్ర తీరాలలో ఇదే స్వభావం గల మరొక చేప ఉన్నది. దాని పేరు సాల్మన్. ఇటీవలి కాలంలో అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కొన్ని వేసవి సెలవులకు అలాస్కా వెళ్ళి రావడం, అక్కడి నదులలో సాల్మన్ కోసం గాలం వేయాలని ముచ్చటపడడం మనం వింటూనే ఉన్నాము. మా వద్ద చదువుకొని ఆ దేశానికి వెళ్ళిన విద్యార్థులు కూడా తమ ప్రయాణ ప్రణాళికలను మాకు పంపి సలహా అడుగుతుంటారు. ఆ ప్రణాళికలలో విమాన టిక్కెట్లు ఉంటాయి, గాలపు కర్రల ధరలు ఉంటాయి, కెమెరాల పేర్లు ఉంటాయి. ఆ నదికి ఈ సంవత్సరం ఎన్ని చేపలు వచ్చాయి, అందులో మన వంతు ఎంత అన్న ప్రశ్న మాత్రం చాలా అరుదుగా ఉంటుంది. నిజానికి ప్రణాళిక ఆ ప్రశ్నతోనే ప్రారంభం కావాలి. ఎందుకో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

ఒక్కసారి మాత్రమే తిరిగి వచ్చే జీవి

పులసకూ పసిఫిక్ సాల్మన్‌కూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పులస నదిలో గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి పోగలదు. మరుసటి ఏడు మళ్ళీ రాగలదు. పసిఫిక్ సాల్మన్‌కు తిరుగు ప్రయాణం లేదు. అది మంచినీటి వాగులోని గులకరాళ్ళ మధ్య పుడుతుంది. జాతిని బట్టి కొన్ని వారాలో, కొన్ని సంవత్సరాలో మంచినీటిలో పెరిగి సముద్రంలోకి దిగుతుంది. అక్కడ వేల కిలోమీటర్లు తిరిగి, బలిసి, చివరకు తాను పుట్టిన వాగు నీటి వాసనను ఆనవాలు పట్టి అక్కడికే తిరిగి వస్తుంది. నదిలో ప్రవేశించిన తర్వాత అది ఆహారం తీసుకోదు. ఒంటిలో దాచుకొన్న కొవ్వే దారిబత్తెం. గమ్యం చేరి, గుడ్లు పెట్టి, కొద్ది రోజులలో మరణిస్తుంది.

ఆ మరణం కూడా వృథా కాదు. చచ్చిన చేపలను ఎలుగుబంట్లు, గద్దలు, నక్కలు తింటాయి. మిగిలినవి కుళ్ళి నీటిలోని పురుగులకు ఆహారమవుతాయి. మరుసటి వసంతంలో గులకరాళ్ళ నుంచి పైకి వచ్చే పిల్ల చేపలు ఆ పురుగులను తిని బతుకుతాయి. ఎలుగుబంట్లు అడవిలోకి ఈడ్చుకుపోయిన చేపల ద్వారా సముద్రపు నత్రజని ఒడ్డున ఉన్న చెట్ల కాండంలోకి కూడా చేరుతున్నదని శాస్త్రజ్ఞులు పరీక్షించి నిరూపించారు. కాబట్టి గాలానికి చిక్కిన ప్రతి సాల్మన్ వెనుక ఒక పెద్ద పంక్తి భోజనం ఉన్నది. ఆ పంక్తిలో మనము చివర వచ్చి కూర్చునే అతిథులము.

దారి తప్పడం అనే పేరు గల నది

అలాస్కాలో సాల్మన్ నదులు వందలున్నాయి. కొన్నింటి పక్కన రోడ్డు ఉంటుంది. కారు దిగి గాలం వేయవచ్చు. ఇక్కడ మేము ఉదాహరణగా తీసుకొంటున్నది అలాంటి నది కాదు. దాని పేరు అలగ్నాక్. అలాస్కా నైరుతి భాగంలో, కట్మాయ్ అభయారణ్య ప్రాంతంలోని కుకక్లెక్, నాన్వియానుక్ అనే రెండు సరస్సుల నుంచి అది బయలుదేరుతుంది. సుమారు 100 కిలోమీటర్లు పారి, క్వీచాక్ నది ముఖద్వారం వద్ద బ్రిస్టల్ అఖాతపు నీటిలో కలుస్తుంది. ఆ నదికి రోడ్డు లేదు. ఆనకట్ట లేదు. దాని ఎగువ భాగాన్ని అమెరికా ప్రభుత్వం 1980లో చట్టరీత్యా రక్షిత నదిగా ప్రకటించింది.

అక్కడి ఆదివాసులైన యూపిక్ ప్రజల భాషలో అలగ్నాక్ అనే మాటకు పొరపాటు పడడం, తప్పుదారిన పోవడం అనే అర్థాలు చెబుతారు. దిగువ భాగంలో ఆ నది అనేక పాయలుగా చీలి, ఏటేటా దారి మార్చుకొంటూ ఉంటుంది. నిరుడు లోతుగా ఉన్న పాయ ఈ ఏడు ఇసుక మేట కావచ్చు. పటం చేతిలో ఉన్నంత మాత్రాన దారి తెలిసినట్లు కాదని ఆ పేరే హెచ్చరిస్తున్నది. ఎగువన రెండు కొండ చరియల నడుమ నీరు ఇరుకై, బండల మీద ఉరకలు వేసే భాగం కూడా ఉన్నది. తెప్ప నడపడంలో అనుభవం లేని కుటుంబం సొంతంగా ఆ దారిన బయలుదేరడం సాహసం అనిపించుకోదు, తెలివితక్కువతనమే అవుతుంది.

ఏ నెల? ఏ చేప?

అలాస్కా నదులలోకి ఐదు రకాల సాల్మన్ వస్తుంది. అలగ్నాక్‌లోకి ఆ ఐదూ వస్తాయి. కింగ్ అనబడే పెద్ద సాల్మన్ జూన్ నడుమ నుంచి జూలై వరకు నదిలో ఉంటుంది. 1985లో అలాస్కాలోనే కెనాయ్ నదిలో గాలానికి చిక్కిన కింగ్ సాల్మన్ 97 పౌండ్లకు పైగా, అంటే దాదాపు 44 కిలోలు తూగింది. జూన్ చివర నుంచి జూలై అంతటా సాకై వస్తుంది. సముద్రంలో వెండిలా మెరిసే ఈ చేప నదిలో చేరి కొన్నాళ్ళకు ఒళ్ళంతా ఎరుపు, తల ఆకుపచ్చగా మారుతుంది. చమ్ జూలైలో, పింక్ సరిసంఖ్య సంవత్సరాలలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆగస్టు నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకు కోహో సాల్మన్ కాలం. అది సాధారణంగా మూడు నుంచి ఐదు కిలోలు ఉంటుంది. గాలాన్ని చురుకుగా అందుకొంటుంది.

ఈ నెలల ఎంపికలోనే ఒక కుటుంబంలో భేదాభిప్రాయం వచ్చిన సంగతి పాఠకులకు చెప్పడం ఉపయోగకరమని భావిస్తున్నాము. మా పూర్వ విద్యార్థులలో ఇద్దరు అన్నదమ్ములు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నారు. వారి తండ్రి గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. వయస్సు 70 దాటింది. గుండెకు మందులు వాడుతున్నారు. ఎదురీదే చేపను ప్రపంచపు ఆ కొసన కూడా ఒకసారి చూడాలని ఆయన కోరిక. పన్నెండేళ్ళ మనుమడిని వెంట తీసుకుపోవాలని కూడా ఆయన పట్టుదల. పెద్ద కుమారుడికి జూలైలో కింగ్ సాల్మన్ పట్టి ఫోటో తీయించుకోవాలని ఉన్నది. వారం రోజులు తెప్ప మీద నది దిగాలని కూడా ఆయన తలపోశాడు. చిన్న కుమారుడు మాకు ఇలా రాశాడు: “ఉస్తాద్, అబ్బాజాన్ కోరికను కాదనలేము. అట్లని వారిని అపాయంలోకి తీసుకుపోలేము. భాయీజాన్ మా మాట వినడం లేదు. మీరైనా ఏదో ఒకటి చెప్పండి.” మేము వారికిచ్చిన సమాధానం ఈ వ్యాసంలో ముందు ముందు వస్తుంది. దానికి ముందు మరికొన్ని విషయాలు తెలుసుకోవాలి.

నది ఒడ్డున కూర్చున్న లెక్క

బ్రిస్టల్ అఖాతంలో చేరే నదులలో సాల్మన్‌ను ఎలా లెక్కిస్తారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. క్వీచాక్, నక్నెక్ వంటి నదులకు రెండు ఒడ్డులా మంచెల వంటి ఎత్తయిన నిలువు కట్టడాలు వేస్తారు. మత్స్యశాఖ ఉద్యోగులు ఆ మంచె మీద నిలబడి, గంటకు పది నిమిషాల చొప్పున, తమ కింద నీటిలో ఎదురీదిపోతున్న చేపలను కంటితో చూసి లెక్క పెడతారు. అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు, పగలూ రాత్రీ. ఆ పది నిమిషాల లెక్కను గంటకు విస్తరించి, రోజుకు కూడి, ఈ ఏడు గుడ్లు పెట్టడానికి ఎన్ని చేపలు పైకి పోయాయో తేలుస్తారు. క్వీచాక్ నదికి నిర్ణయించిన గమ్యసంఖ్య 20 లక్షల నుంచి 1 కోటి సాకైలు. కనీసపు సంఖ్య అందే సూచన లేనప్పుడు అఖాతంలోని వల పడవలను ఆపివేస్తారు. వలలు వేసేవారి జీవనోపాధి అయినా సరే, ముందు నది వాటా, తర్వాతే మనిషి వాటా.

ఈ క్రమశిక్షణ ఫలితం కంటికి కనిపిస్తున్నది. 2022లో బ్రిస్టల్ అఖాతానికి సుమారు 7 కోట్ల 90 లక్షల సాకై సాల్మన్ తిరిగి వచ్చింది. అంత వరకు నమోదైన వాటిలో అదే అత్యధికం. అందులో సుమారు 6 కోట్లు మనుషులు పట్టుకొన్నారు. అయినప్పటికీ నదులకు కావలసినది నదులకు చేరింది. ఈ నీటి ఎగువన పెబుల్ అనే పేరుతో పెద్ద రాగి, బంగారు గని తవ్వాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళు నలిగింది. 2023 జనవరిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన నిర్ణయంతో దానికి అడ్డుకట్ట వేసింది.

ఇక అదే అలాస్కాలో మరొక నది సంగతి చూడండి. యూకాన్ మహానదిలో కింగ్ సాల్మన్ సంఖ్య ఏటేటా పడిపోతూ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అలాస్కా రాష్ట్రమూ కెనడా ప్రభుత్వమూ కలసి ఆ నదిలో కింగ్ సాల్మన్ వేటను ఏడు సంవత్సరాల పాటు నిలిపివేయాలని ఒప్పందం చేసుకొన్నాయి. ఏడేళ్ళు అంటే ఆ చేపకు ఒక జీవితచక్రం. కెనడా సరిహద్దు దాటే చేపల సంఖ్య 71,000కు చేరాలన్నది వారు పెట్టుకొన్న లక్ష్యం. ఆ నది ఒడ్డున తరతరాలుగా వేసవి గుడిసెలు వేసుకొని, చేపలు కోసి, పొగబెట్టి, చలికాలానికి దాచుకొన్న ఆదివాసీ కుటుంబాలు ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆరవేసే కర్రల వంక చూస్తున్నాయి. అవ్వ మనుమరాలి చేతికి కత్తి ఇచ్చి చేప కోయడం నేర్పే కాలం అది. చేప లేకపోతే ఆ పాఠం కూడా లేదు. ఏడేళ్ళ తర్వాత చేప తిరిగి వచ్చినా, కోయడం నేర్పే అవ్వ ఉంటుందా అన్నది ఆ ఇళ్ళలోని బాధ.

కాబట్టి టిక్కెట్టు కొనడానికి ముందు చేయవలసిన మొదటి పని ఇది: వెళ్ళదలచిన నదిలో, వెళ్ళదలచిన నెలలో, పట్టదలచిన చేపకు ఆ సంవత్సరం అనుమతి ఉన్నదా లేదా చూడడం. అలాస్కా మత్స్యశాఖ ప్రతి ప్రాంతానికీ నిబంధనల పుస్తకం ప్రచురిస్తుంది. అంతటితో పని తీరదు. చేపల రాక తగ్గితే సీజన్ నడుమ అత్యవసర ఉత్తర్వు జారీ చేసి రోజువారీ పరిమితిని తగ్గించవచ్చు, వేటను పూర్తిగా మూసివేయవచ్చు. కాబట్టి బయలుదేరే ముందు రోజు మరొకసారి విచారించుకోవాలి.

పదహారేళ్ళు నిండిన ప్రతి బయటి వ్యక్తికీ లైసెన్సు తప్పనిసరి. ఇటీవలి ధరల ప్రకారం ఇతర రాష్ట్రాలవారికి మూడు రోజులకు 30 డాలర్లు, ఏడు రోజులకు 45 డాలర్లు. కింగ్ సాల్మన్ పట్టాలంటే అంతే ధరకు మరొక ముద్ర కొనుక్కోవాలి. నోటితో గాలాన్ని అందుకొన్న చేప మాత్రమే పట్టుకొన్నవారిది. కొక్కెం వీపుకో, తోకకో తగులుకొని వచ్చిన చేపను వదిలిపెట్టవలసిందే. కావాలని అలా గుచ్చి లాగడం నేరం.

తూకం వేసి ఎక్కించే విమానం

అలగ్నాక్‌కు దారి ఆకాశంలోనే ఉన్నది. ముందు ఏంకరేజ్ నగరం చేరాలి. అక్కడి నుంచి నక్నెక్ నది ఒడ్డున ఉన్న కింగ్ సాల్మన్ అనే చిన్న ఊరికి విమానంలో గంటకు పైగా ప్రయాణం. ఆ ఊరి నుంచి నీటి మీద దిగే చిన్న విమానం ఎక్కి నదికో, సరస్సుకో చేరాలి. ఈ పనికి నేటికీ వాడుతున్న బీవర్ రకం విమానం మొదటిసారి గాలిలోకి లేచింది 1947లో. అందులో పట్టేది పైలట్ కాక కొద్దిమందే. మనుషులనూ సామానునూ కలిపి తూకం వేస్తారు. బరువు మించితే పైలట్‌తో వాదించి లాభం లేదు. ఏదో ఒకటి ఒడ్డున వదలవలసిందే. గట్టి పెట్టెలు పనికిరావు, మెత్తటి సంచులే కావాలి.

ఎలుగుబంటిని తరిమే మిరియపు ద్రావణం డబ్బాను, పొయ్యి గ్యాసును ప్రయాణికుల విమానంలో తీసుకుపోనివ్వరు. వాటిని కింగ్ సాల్మన్ చేరిన తర్వాతే సమకూర్చుకోవాలి. ఆ డబ్బా మీ వద్ద ఉన్నదని చిన్న విమానపు పైలట్‌కు ముందే చెప్పాలి. మనుషులు కూర్చునే చోట కాక వేరే చోట పెడతాడు.

అన్నింటికంటే ముఖ్యం, మిగులు రోజులు. పొగమంచు దిగితే, గాలి లేస్తే చిన్న విమానం రాదు. ఫలానా రోజు వస్తానన్న పైలట్ రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు. ప్రయాణానికి కనీసం రెండు రోజులు అదనంగా కేటాయించాలి. మందులు, ఆహారం అంతకంటే ఎక్కువ రోజులకు ఉండాలి. సెల్‌ఫోన్ అక్కడ పనిచేయదు. ఉపగ్రహ ఫోనో, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరమో అద్దెకు తీసుకోవాలి. దాన్ని వాడడం ఇంటిల్లిపాదికీ ముందే నేర్పాలి. ఎక్కడ దిగుతున్నారో, ఏ రోజు తిరిగి వస్తారో, రాకపోతే ఎవరికి కబురు చేయాలో కాగితం మీద రాసి ఇంటి దగ్గర ఒకరికి ఇవ్వాలి.

ఇక చలి. జూలైలో కూడా చినుకూ గాలీ కలసిన రోజున అక్కడి చలి మన డిసెంబరు తెల్లవారుజామును మించుతుంది. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని బట్టలు, వాటి మీద వాన తగలని పై తొడుగు ఉండాలి. నీటిలో దిగడానికి ఛాతీ వరకు వచ్చే జలనిరోధక దుస్తులు ధరిస్తారు. వాటి నడుము పట్టీ బిగించకపోతే, జారిపడినప్పుడు లోపల నీరు నిండి లేవడం కష్టమవుతుంది. పడవలో తేలుడు కోటు విప్పకూడదు. కంబళి బట్ట అడుగు గల నీటి బూట్లను అలాస్కా 2012 నుంచి నిషేధించింది. ఒక నది తెగులు ఆ తడి బట్టలో దాగి మరొక నదికి పోకుండా చేసిన ఏర్పాటు అది. దోమల గురించి చెప్పనే అక్కరలేదు. తలకు దోమతెర టోపీ లేనివారు చేపను కాదు, తమ చెంపలనే కొట్టుకొంటూ గడపవలసి వస్తుంది.

ఆ ఒడ్డు ఎవరిది?

సాల్మన్ వచ్చే కాలంలో గోధుమరంగు ఎలుగుబంట్లు ఒడ్డుకు వస్తాయి. కట్మాయ్ ప్రాంతం వాటికి ప్రసిద్ధి. అవి మన కోసం రావు, చేపల కోసం వస్తాయి. చలికాలమంతా నిద్రలో గడపడానికి కావలసిన కొవ్వును ఈ కొద్ది నెలల్లోనే అవి కూడబెట్టుకోవాలి. కట్మాయ్ నిబంధన ప్రకారం ఏ ఎలుగుబంటికైనా 50 గజాలు, అంటే సుమారు 45 మీటర్ల దూరం పాటించాలి. గుంపుగా నడవాలి, మాట్లాడుతూ నడవాలి, పొదల మాటున అది ఉలిక్కిపడేలా ఎదురుపడకూడదు. ఎదురుపడితే పరుగెత్తకూడదు. ఆహారాన్ని, సబ్బుతో సహా వాసన గల ప్రతి వస్తువునూ ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలలో ఉంచాలి. వంట చేసే చోటు, పడుకొనే గుడారం దూరదూరంగా ఉండాలి.

గాలానికి చేప తగిలి కొట్టుకొంటున్నప్పుడు ఎలుగుబంటి అటు వస్తే ఏమి చేయాలి? అక్కడివారి సమాధానం సూటిగా ఉంటుంది: దారం కోసివేయాలి. చేప పోతుంది, గాలం పోతుంది, గంట శ్రమ పోతుంది. అయినా కోయాలి. మనిషి చేతిలో చేప ఉంటుందని, బెదిరిస్తే వదులుతాడని ఆ జంతువు ఒక్కసారి నేర్చుకొంటే, తర్వాత వచ్చే మనుషుల ప్రాణాలకు ముప్పు. చివరకు ఆ ఎలుగుబంటి ప్రాణానికీ ముప్పే. ఒక చేప మీది మమకారానికి అంత ధర చెల్లించకూడదు. ప్రయాణానికి ముందే పిల్లల చేత ఈ మాట నాలుగుసార్లు అనిపించాలి. ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు.

ఒడ్డున కొన్ని స్థలాలు యూపిక్ కుటుంబాల సొంత భూములు. గుడిసె ఖాళీగా కనిపించినా అది దిక్కులేని చోటు కాదు. అనుమతి లేకుండా అక్కడ గుడారం వేయడం తగదు.

చీకటి పడని రాత్రులు

జూన్ చివర ఆ ప్రాంతంలో సూర్యుడు రాత్రి పదకొండు దాటిన తర్వాత అస్తమించి, ఉదయం అయిదు దాటగానే మళ్ళీ ఉదయిస్తాడు. నడుమ కూడా ఆకాశంలో పూర్తి చీకటి అలముకోదు. ఇంకా పొద్దుంది కదా అని అర్ధరాత్రి వరకు గాలం వేసి, నిద్ర చాలక మరునాడు నీటిలో తూలిపడినవారు ఉంటారు. కాబట్టి గడియారం చూసి నిద్రపోవాలి, కళ్ళకు కట్టుకొనే గుడ్డ వెంట ఉంచుకోవాలి. నమాజు పాటించే కుటుంబాలు మరొక ఏర్పాటు చేసుకోవాలి. మగ్రిబ్, ఇషా, ఫజ్ర్‌ల మధ్య వ్యవధి మనకు అలవాటైన రీతిలో ఉండదు. ఫోను లేని చోట అప్పటికప్పుడు అడిగేందుకు ఎవరూ దొరకరు. తాము నమ్మిన ధర్మవేత్తను ముందే అడిగి, ఆ రోజుల వేళలను కాగితం మీద రాయించుకొని పోవడం మంచిది. ఆగస్టు మూడవ వారానికి సూర్యాస్తమయం రాత్రి పది ప్రాంతానికి జరుగుతుంది. అర్ధరాత్రి దాటాక నిజమైన చీకటి కూడా తిరిగి వస్తుంది.

పట్టిన తర్వాత

చేప తినదలచినవారు దాన్ని ఒడ్డున పడవేసి గిలగిల కొట్టుకోనివ్వకూడదు. తలపై ఒక్క గట్టి దెబ్బతో ప్రాణం పోనిచ్చి, వెంటనే మొప్పల వద్ద కోసి రక్తం పోనివ్వాలి. చేపకు జబహ్ నియమం లేదు గనుక ఎలా చంపినా సరేనని కొందరు అనుకొంటారు. జబహ్ లేకపోవడం బాధ పెట్టడానికి అనుమతి కాదు. రక్తం పోయిన మాంసమే చెడకుండా నిలుస్తుంది కూడా. కోసిన తర్వాత పేగులు, తల, ముల్లు ఒడ్డున వదలకూడదు. ముక్కలు చేసి, నది నడుమ వడిగా పారే లోతు నీటిలో వేయాలి. ఒడ్డున వదిలితే ఆ రాత్రే ఎలుగుబంటి వస్తుంది.

వదిలిపెట్టదలచినవారు చేపను నీటి నుంచి బయటికి తీయకూడదు. చేతులు తడి చేసుకొని పట్టుకోవాలి. మొప్పలలో వేళ్ళు పెట్టకూడదు. తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, దానంతట అది కదిలే వరకు ఆగాలి. వెనుకకు తిరిగిన ముల్లు లేని కొక్కెం అయితే సులభంగా ఊడి వస్తుంది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. తినడానికి కాక, వదలడానికే రోజంతా పదులకొద్దీ చేపలను పట్టడం సమంజసమేనా? అవి ఆహారం మాని, ఒంటి కొవ్వును కరిగించుకొంటూ, చివరి ప్రయాణం చేస్తున్న జీవులు. గాలంతో పెనుగులాడిన ప్రతిసారీ ఆ దారిబత్తెంలో కొంత ఖర్చవుతుంది. వదిలిన వాటిలో కొన్ని గమ్యం చేరవు. మా అభిప్రాయం స్పష్టం. కుటుంబానికి కావలసిన నాలుగు చేపలు పట్టి, గాలం చుట్టివేసి, మిగిలిన రోజంతా ఒడ్డున కూర్చొని చూడడంలోనే ఎక్కువ లాభమున్నది. ఒక జీవి ప్రాణభయం మనకు కాలక్షేపం కాకూడదు. నిబంధన అనుమతించిన సంఖ్య గరిష్ఠ హద్దు మాత్రమే. అంత మేరకు పట్టి తీరాలన్న ఆజ్ఞ కాదు.

ఆ కుటుంబానికి మేము రాసినది

ఇప్పుడు ఆ అన్నదమ్ముల విషయానికి వద్దాము. మేము రాసిన సమాధాన సారాంశం ఇది. తెప్ప ప్రయాణం వద్దు. నది ఒడ్డున స్థిరమైన వసతి ఉన్న చోటు తీసుకోండి. పగలు అనుభవజ్ఞుడైన మార్గదర్శి పడవలో వెళ్ళి, రాత్రికి పొడి మంచం మీదికి తిరిగి రండి. బయలుదేరే ముందు అబ్బాజాన్‌ను వారి వైద్యునికి చూపించి, ఆ చోటు నుంచి పెద్ద ఆసుపత్రికి చేరాలంటే విమానం తప్ప మార్గం లేదన్న సంగతి దాచకుండా చెప్పండి. వైద్యుడు వద్దంటే, రోడ్డు పక్కన ఉన్న నదికి తీసుకుపోండి. ఎదురీదే చేప అక్కడ కూడా కనిపిస్తుంది. వైద్యుడు ఒప్పుకొంటే ఆగస్టు చివర వెళ్ళండి. అప్పటికి దోమలు తగ్గుతాయి, రాత్రి రాత్రిలా ఉంటుంది, కోహో వస్తుంది. ఆలోగా ఎగువన గుడ్లు పెట్టి మరణించిన సాకైలు ఒడ్డు వెంట కనిపిస్తాయి. మనుమడు గాలం వేయడంతో పాటు వాటిని కూడా చూడాలి. తాతగారు చూపించి చెప్పదగిన పాఠం అక్కడే ఉన్నది.

పెద్ద కుమారునికి విడిగా ఒక మాట రాశాము: కింగ్ సాల్మన్ సంఖ్య అనేక నదులలో తగ్గుతున్న ఈ కాలంలో, ఒక ఫోటో కోసం దాన్ని వెతుక్కొంటూ పోవలసిన అవసరం మీకు లేదు. మీ తండ్రి పక్కన నిలబడి పట్టిన చేప ఎంత చిన్నదైనా మీ పిల్లలు జ్ఞాపకం ఉంచుకొంటారు. ఆయన రెండు వారాల తర్వాత జవాబు పంపాడు. ప్రయాణాన్ని ఆగస్టుకు మార్చానని, తెప్ప బదులు గది మాట్లాడానని రాశాడు. వైద్యుని అనుమతి కోసం ఎదురుచూస్తున్నామని కూడా అందులో ఉన్నది.

బయలుదేరే ముందు మూడు లెక్కలు

పాఠకులలో ఎవరికైనా ఈ ప్రయాణం చేసే అవకాశం లభిస్తే, సామాను కొనడానికి ముందు మూడు లెక్కలు కాగితం మీద వేసుకోవాలని మా మనవి. మొదటిది రోజుల లెక్క: నదిలో గడిపే రోజులు ఎన్ని, వాతావరణానికి వదిలిన రోజులు ఎన్ని. రెండవది బరువుల లెక్క: మనుషులు, మందులు, ఆహారం, ఉన్ని బట్టలు తూచిన తర్వాత మిగిలిన దానిలోనే గాలపు సామాను సర్దుకోవాలి. మూడవది చేపల లెక్క: ఇంటికి వచ్చి మనము నిజంగా తినేవి ఎన్ని, బంధువులకూ పొరుగువారికీ పంచేవి ఎన్ని. ఈ మూడవ సంఖ్యను నలుగురూ కూర్చొని ముందే నిర్ణయించుకోవాలి. నది ఒడ్డున నిలబడి, కళ్ళ ముందు వేలాది చేపలు పోతుండగా ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆ సంఖ్య పూర్తి కాగానే గాలం చుట్టివేయండి. మిగిలిన చేపలకు ఇంకా చాలా దూరం ఉన్నది, వాటి కోసం ఎదురుచూసేవారు ఎగువన చాలామంది ఉన్నారు.